సున్నా చూసి కరువనుకున్నాను

రెండువేల ఆరులో కడపలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాది రాయచోటి దగ్గర పల్లె. అప్పటికి సముద్రం చూసింది లేదు. అయినా మరపడవలు రేవులో దించే చేపల లెక్కలను బట్టి, సముద్రంలో ఏ జీవి ఎంతుందో కంప్యూటర్లో అంచనా కట్టే ప్రాజెక్టు తీసుకున్నాను.

ఏటా ఎండాకాలంలో కొన్నాళ్లు లెక్క సున్నాకు పడిపోతోంది. సెమినార్లో గ్రాఫు చూపించి, "ఇది సముద్రంలో చేపలకు కరువొచ్చే కాలం" అని ధీమాగా చెప్పేశాను.

నెల్లూరు నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నవ్వారు. "కరువు కాదమ్మా, చేపలు గుడ్లు పెట్టే కాలం. వేటకు పోకూడదని నిషేధం. పట్టలేదు కాబట్టి సున్నా."

హాలంతా గొల్లున నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆదివారం ఇంటికెళ్లి చెబితే నాన్న మాత్రం నవ్వలేదు. కొత్త బోరు కూడా ఎండిపోయి, వాడిపోతున్న మా చీనీ (బత్తాయి) తోట వైపు చూశాడు.

"అంత సముద్రాన్నే కొన్నాళ్లు వదిలేస్తాండారా? మనం బోర్లను ఒక్క దినమన్నా వదిల్తిమామ్మా?"

సున్నా అంటే కరువే గుర్తొచ్చే నేల మాది. చెయ్యి ఆపినందుకు పడే సున్నా కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. మా బోర్లకు ఆ సున్నా ఎవరమూ వెయ్యలేదు.