ఉలి తొట్టి నీళ్లు

మాచర్ల ఆసుపత్రిలో మా పక్కింటి బాబాయి వేలి కట్టు విప్పేసరికి గాజుగుడ్డ ఆకుపచ్చగా ఉంది. మగ్గిన ద్రాక్షపళ్ల లాంటి తియ్యటి వాసన వచ్చింది. డాక్టరు వంగి మరోసారి వాసన చూశాడు.

"సూడోమోనాస్ అనే క్రిమి పట్టింది. ఏ నీళ్లతో కడిగావయ్యా?"

బాబాయి దుర్గిలో శిల్పాలు చెక్కేవాడు. సుత్తి జారి, ఉలి పట్టే ఎడమచేతి బొటనవేలు చితికింది. కాల్చిన ఉలిని ముంచి చల్లార్చే రాతి తొట్టిలో రోజూ ఆ వేలు ముంచాడు. ఇనుము కాగిన నీళ్లు గాయం మాన్పుతాయని అక్కడి పనివాళ్ల నమ్మకం.

"మా తాత కాడ్నుంచీ అందులోనే ముంచుతున్నాంగా అయ్యా!"

"ఈ క్రిమి అలాంటి నిలవ నీళ్లలో బాగా పెరుగుద్ది. సూదులకు లొంగకపోతే వేలు తీసెయ్యాలి."

"ఏలు తీసేస్తే ఉలి దేంతో పట్టేది? కాలితోనా?"

డాక్టరు సూదిమందు చీటీ రాసి నా చేతికిచ్చాడు.

పది రోజులు జెంటామైసిన్ సూదులు వేశారు. పలచటి వెనిగర్‌తో కడిగి, చచ్చిన కండ కోసి, కట్లు మార్చారు. వేలు దక్కింది గాని వంగడం లేదు.

మేము దుర్గికి తిరిగొచ్చేసరికి ఇంకొక శిల్పి నెత్తురోడే వేలిని అదే తొట్టిలో పెట్టి కూర్చున్నాడు. బాబాయి ఎంత చెప్పినా అతను వినలేదు. ఆ నీళ్లను ఎవరూ పరీక్ష చేయించలేదు, పారబోయనూ లేదు.