బాపు పెట్టని జమ్మి

మా చిన్నప్పుడు... "ఈ దసరాకు నిన్ను పెద్దబాపు ఇంటికి తోల్కపోత, ఒట్టు" అని మా బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

బాపు అంటే నాన్న, పెద్దబాపు అంటే ఆయనకు సొంత అన్న. మెదక్ ఖిల్లా కింద ఒకే గల్లీలో ఎదురెదురు ఇళ్లు మావి. మురికి మోరీ నీళ్లు ఎవరి గడప ముందు నుంచి పారాలన్న పంచాయితీలో ఇద్దరికీ మాటలు బందై మూడేళ్లు. దసరా నాడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని పాలపిట్టను చూపించిన మనిషి... మూడేళ్లుగా కిటికీలోంచి మాత్రమే కనిపించేవాడు.

మా దగ్గర దసరా అంటే ప్రేమను చేతిలో పెట్టే పండుగ. జమ్మి ఆకును బంగారం అంటాం. చిన్నవాడు పెద్దవాడి ఇంటికి వెళ్లి, బంగారం చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఆ కౌగిలితో పాత కోపాలన్నీ పోవాలి. ముందు కదలాల్సింది మాత్రం చిన్నవాడే... అది రివాజు.

ఆ సాయంత్రం బాపు నా చెయ్యి పట్టుకుని గల్లీ సగం దాటాడు. పెద్దబాపు కొత్త రుమాలు చుట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. మా కోసమేనని నాకు కూడా తెలిసిపోయింది.

బాపు ఆగిపోయాడు.

"మోరీ మనింటి మీదికి మలిపింది ఆయననే. మల్ల నేనే పోయి కాళ్లు మొక్కాల్నా?"

నేను చెయ్యి విడిపించుకుని ఉరికాను. నా దగ్గరున్న జమ్మి ఆకు పెద్దబాపు చేతిలో పెట్టాను. గట్టిగా హత్తుకున్నాడు.

"మీ బాపుకు కాళ్లు నొస్తున్నయా బిడ్డా? నాలుగడుగులు లేవు గదరా!" అని నవ్వాడు. చెప్పులు కూడా వేసుకోకుండా తానే గడప దిగబోయాడు.

పెద్దమ్మ వెనక నుంచి అంగీ పట్టుకుంది. "పెద్దోనివి, నువ్వు పోతవా? గల్లీల ఇజ్జత్ ఉంటదా?"

పెద్దబాపు ఆగాడు. బాపు అంతా చూశాడు... చూసి వెనక్కి తిరిగి, ఎదురొచ్చిన మా పక్కింటాయనను కౌగిలించుకున్నాడు. ముందు రోజే దొంగ అని తిట్టిన మనిషిని.

చలికాలం వెళ్లకముందే పెద్దబాపు పోయాడు. బాపు ఆ గల్లీని ఒక్క ఉరుకులో దాటాడు. శవం మీద పడి, "అన్నా, ఒక్కపారి లేవే... అలాయ్ బలాయ్ తీస్కుందాం" అని ఏడ్చాడు. చూసినవాళ్లంతా కన్నీళ్లు పెట్టుకున్నారు. నాకు రాలేదు.

పండుగలు మనుషులను కలుపుతాయని చెప్పే పుస్తకాలు చాలా చదివాను. రాసినవాళ్లెవరూ ఆ రోజు మా గల్లీలో లేరు.

ఇప్పుడు దసరా అంటే ఫోన్ నిండా జమ్మి ఆకుల బొమ్మలు... మెరిసే అక్షరాలు. మా తమ్ముడు కూడా ఒకటి పంపాడు, రెండు వీధుల అవతల నుంచి. నేనూ తిరిగి బొమ్మే పంపాను.

కోపం ఉండి కూడా ఎదుటి గడప ఎక్కినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే రాయండి. అట్లాంటిది ఒక్కటైనా చదవాలని ఉంది.

మా వాళ్లంతా ఇప్పటికీ పెద్దమ్మనే అంటారు... ఆమె అడ్డం పడకుంటే అన్నదమ్ములు కలిసేవాళ్లేనని. ఆమె పట్టుకున్నది పెద్దబాపు అంగీని. వెనక్కి తిరిగింది నాకు మాటిచ్చిన మనిషి... మా బాపు, కిష్టయ్య.