ముక్కు తుడిచిన పది రోజులు

పెద్దాసుపత్రిలో ఆయన్ని అందరూ బండాయన అనేవాళ్ళు. భవనాల చుట్టూ ఉన్న గడ్డంతా ఇరవై రెండేళ్లుగా ఆయనే కోస్తున్నాడు, పొట్ట కింద కత్తులున్న ఒక చిన్న ట్రాక్టరు మీద కూర్చుని. మనిషికి ముక్కు మీద కోపం, మాట ముక్కుసూటి. పెద్ద డాక్టరైనా సరే, గడ్డి తొక్కుకుంటూ అడ్డదారిన వెళ్తే కేకలేసేవాడు. ఇంత ముక్కుసూటి మనిషీ ఒక్క విషయంలో ఎన్ని మెలికలు తిరిగాడో వినండి.

గడ్డి కోసే బండికి గడ్డే శత్రువు. కోస్తుంటే లేచే నూగూ పొట్టూ గింజలూ ఫ్యాన్ లాగే గాలితో లోపలికి పోయి, రేడియేటరు ముందుండే సన్నటి జాలీకి దుప్పటి కప్పినట్టు అంటుకుంటాయి. ఇక గాలి ఆడదు, నీళ్ళు చల్లబడవు, ఇంజను ఉడికిపోతుంది. అందుకని బండాయన కాసేపటికోసారి నీడలో ఆగి, ఇంజను ఆర్పి, బానెట్ ఎత్తి, ఆ జాలీ పైకి లాగి దులిపేవాడు. దాని వెనక రేడియేటరు రేకుల మధ్య ఇరుక్కున్న గింజల్ని పాత పెయింటు బ్రష్షుతో, రేకు వంగకుండా, పైనుంచి కిందికి దువ్వేవాడు. దీనికంతటికీ ఆయన పెట్టుకున్న పేరు 'ముక్కు తుడవడం'. వేడి చూపించే ముల్లు ఎప్పుడో పాడైపోయినా బాగుచేయించమని అడగలేదు. ఇంజను చప్పుడు విని వేడెంతో చెప్పేవాడాయన.

ఈ ముక్కు సంగతి మాత్రం ఎవరికీ చూపించేవాడు కాదు. మనిషి అలికిడైతే చాలు, బానెట్ దబ్బున మూసేసేవాడు. అందరికీ తెలిసిపోతే ఇక నేనెందుకని ఆయన భయం. ఒకసారి సూపర్‌వైజరు పిలిచి, "నీ పనంతా ఒక కాగితం మీద రాసి పెట్టవయ్యా, రేపు నువ్వు లేనప్పుడు ఎవరికైనా పనికొస్తుంది," అన్నాడు. ఆ 'నువ్వు లేనప్పుడు' అన్న మాట ఆయన గుండెల్లో గుచ్చుకుంది. రెండు రోజులు ఆలోచించి షెడ్డు గోడకి ఒక కాగితం అంటించాడు. నూనె ఎప్పుడు మార్చాలో, కత్తులు ఎప్పుడు సానపట్టాలో అన్నీ వివరంగా ఉన్నాయి. రేడియేటరు దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క వాక్యం: 'గంటకోసారి ముక్కు తుడవాలి.' చదివినవాడికి అర్థం కాకూడదనే అలా రాశాడు మహానుభావుడు.

అంతలో ఆయనకు హెర్నియా ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. ఆ రోజుల్లో గడ్డెవరు కోస్తారంటే, "మా తమ్ముడున్నాడుగా," అంది ఆయన భార్య. ఆ తమ్ముడు పక్క వీధి ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. మీట నొక్కితే వాటంతటవే నడిచే లిఫ్టులొచ్చాక పని పోయి, ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. సూపర్‌వైజరు అతన్ని చూసి, "పది రోజులు చూస్తాను. బండిని జాగ్రత్తగా చూసుకుంటే మీ బావ రిటైరయ్యాక ఈ పని నీదే," అన్నాడు. అది విన్న అక్క ఆనందం పట్టలేక అక్కడే ఏడ్చేసింది. బండాయనకి మాత్రం 'రిటైరయ్యాక' అన్న మాటొక్కటే వినపడింది.

ఆపరేషన్‌కి ముందురోజు షెడ్డులో బండి అప్పగించాడు.

"పద్దెనిమిదేళ్ళు పైకీ కిందికీ తిరిగాను బావా. ఇప్పుడు అడ్డంగా తిరగమంటున్నావు," అని నవ్వాడు బావమరిది.

"తిరుగు. గంటకోసారి ముక్కు మాత్రం తుడువు."

"నీదా, దానిదా?"

"దానిదేరా!"

"ఎక్కడుంటుంది బావా అది?"

"ముక్కెక్కడుంటుందిరా? ముఖం మీద!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. బండాయన బానెట్ మీద ఒక చరుపు చరిచి వెళ్ళిపోయాడు. జోకుతో దాటేసిన ఆ మాటే ఆ తర్వాత ఆయన కొంప ముంచింది.

రెండు రోజుల్లో ఇంటికెళ్ళాల్సినవాడికి కుట్లు చీము పట్టడంతో, ఆ ఆసుపత్రిలోనే మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీదే ఉండిపోవాల్సి వచ్చింది. రోజూ కింద బండి తిరుగుతున్న చప్పుడు వింటూ పడుకునేవాడు. తొమ్మిది రోజులు బావమరిది ముందువైపు పొట్టి గడ్డే కోశాడు కాబట్టి ఏమీ కాలేదు. పదో రోజు బండి వెనకవైపు మైదానంలోకి దిగింది. అక్కడ గడ్డి మోకాలెత్తు, అంతా ఎండి గింజ పట్టింది.

గంటన్నర గడిచేసరికి చప్పుడు మారింది. వార్డులో ఇంకెవరికీ తెలియలేదు గానీ, ఆయన చప్పున తల తిప్పాడు. బండి ఊపిరాడక రొప్పుతోంది. పక్కన కమలాపండు ఒలుస్తున్న భార్య, "ఏమైందండీ?" అంది. ఒక్క మాట చాలు, ఆవిడ మెట్లు దిగి పరిగెత్తేది. కిటికీలోంచి కేకేసినా వినపడేది.

"ఏం లేదు," అన్నాడు.

కాస్త ఉడకనీ, అనుకున్నాడు. కాస్త ఉడికి ఆగిపోతే, అందరూ పరిగెత్తుకుంటూ నా మంచం దగ్గరికే వస్తారు, నా విలువేంటో అప్పుడు తెలుస్తుంది అనుకున్నాడు. ఛీ, ఏం మనసండీ అది! కమలాతొనలు నాలుగు తినేలోపు కింద ఠప్పుమని ఒక చప్పుడైంది. ఆ తర్వాత మైదానంలో చప్పుడన్నదే లేదు.

ఇంజను పగిలింది. మర్నాడు సూపర్‌వైజరు గదికి ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. బల్ల మీద మెకానిక్కు జాలీ మీంచి లాగిన గడ్డి చాపలా ఉంది, ఒక దిండంత మందం. బావమరిది ఒక మూల నిలబడి ఉన్నాడు, చేతిలో తడిగుడ్డ, షెడ్డు గోడ మీది కాగితం.

"రోజూ తుడిచాను సార్, గంట గంటకీ. చూడండి, గీతలు కూడా పెట్టాను," అన్నాడు.

కాగితం అంచున పది రోజుల గీతలున్నాయి, ఒక్కటీ తప్పలేదు. బయట నిలబెట్టిన ట్రాక్టరు ముఖం, ఆ ముందరి రేకు, అద్దంలా మెరిసిపోతోంది. గంటకోసారి బండి ఆపి దాన్నే తుడిచాడు పాపం.

"ముక్కంటే ఇదా!" అని మెకానిక్కు నవ్వాపుకోలేకపోయాడు. సూపర్‌వైజరు బండాయన వైపు తిరిగి, "నువ్వు ఇతనికి చూపించలేదా?" అన్నాడు.

ఆయన నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "బావ చెప్పాడు సార్. నాకే అర్థం కాలేదు."

బండాయనకి తల కొట్టేసినట్టయింది. వదిలేస్తే అక్కడితో సరిపోయేది, నెపం మొత్తం వాడి మీదికే పోయేది. వాడి ఉద్యోగమూ పోయేది. కుట్లు నొప్పెడుతున్నా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"చూపించలేదు సార్. కావాలనే చూపించలేదు. ఎవరికీ అర్థం కాకూడదనే అట్లా రాశాను." ఇంకొక్కటి మిగిలింది. "నిన్న చప్పుడు మారడం కూడా పైనుంచి విన్నాను. ఊరుకున్నాను."

బావమరిది గుడ్డ కింద పెట్టాడు. "విన్నావా? మంచం మీంచి విన్నావా బావా?"

"విన్నానురా."

వాడు కాగితం కూడా బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

బండికి వేరే ఇంజను బిగించారు, ముల్లు కూడా కొత్తది పెట్టారు. పని బావమరిదికిచ్చారు. బండాయన్ని రిటైరయ్యేదాకా గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. గడ్డి కోతకి దిగే మొదటిరోజు పొద్దున బావమరిది గేటు దగ్గరికొచ్చాడు, చేతిలో కొత్త బ్రష్షుతో. చెయ్యి చాచినంత దూరంలో ఆగి, అక్క పెళ్ళినాటి నుంచీ ఒక్కరోజు కూడా పిలవని పిలుపు పిలిచాడు.

"బండాయన గారూ, ఆ ముక్కెక్కడుందో కాస్త చూపిస్తారా?"

ఆయన లేచి వెళ్ళి, బానెట్ ఎత్తి, జాలీ పైకి లాగి, రేకు రేకూ వేలు పెట్టి చూపించాడు. అంతా శ్రద్ధగా విని, "సరేనండీ," అని బండెక్కాడు బావమరిది.