ఆమెన్ దాకా తీసిన వీడియో

ఈ వారం మా అమ్మ ప్రార్థన ఎవరు విన్నారో చెప్తే మీరు నమ్మరు. కస్టమర్ కేర్ వాళ్ళు! దేవుడు సరే, ఎప్పుడూ వినేవాడే. వీళ్ళు కూడా పద్నాలుగు నిమిషాలూ కూర్చోని విన్నారు! ఉండండి, మొదట్నించీ చెప్తా. మీరు టీ కానివ్వండి.

మా అమ్మకు చేతులు కడుక్కునే బేసిన్ అంటే మోజు. ఇన్నేళ్ళూ కూలికి పోయొచ్చి, గడప ముందర వంగి చెంబు నీళ్ళతో కడుక్కున్న మనిషి. పోయినేడు మార్కాపురంలో చుట్టాలింటికి పోయినప్పుడు మాత్రం నిలబడి, అద్దంలో చూసుకుంటా కడుక్కుందంట! అంతే, అది మనసులో పడిపోయింది. మొన్న మా ఇంటికి వరండా కట్టించినాం. దానికి ఆదివారం కృతజ్ఞత కూడిక, అదే, ఇంట్లో ప్రార్థన, భోజనాలు పెట్టుకున్నాం. అమ్మ చర్చిలో లేచి నిలబడి మరీ చెప్పింది: "భోజనాలయినాక ఎవరూ చెంబు అడగొద్దు. మా ఇంట్లో బేసిన్ ఉంటది!"

ఇంక అమ్మ మాట నిలబెట్టాలి కదా నేను! కంభంలో దుకాణానికి పోయి తెల్లది ఒకటి తెచ్చుంటే సరిపోయేది. స్టైలుకు పోయి ఆన్‌లైన్లో నీలం పూల డిజైన్ ఆర్డర్ పెట్టినాను. కింద చిన్న అక్షరాల్లో రాసుంది: సరుకు పగిలి వస్తే వీడియో పంపాలి, పెట్టె సీలు తీయకముందు నించి, మధ్యలో కట్ లేకుండా. లేకుంటే మార్చివ్వరు.

నాకా చెప్పేది! కంభంలో నెట్ సెంటర్ నడిపేది నేను. పొద్దున లేస్తే జనాలకు ఫోటోలు తీసి అప్‌లోడ్ చేయడమే పని. "పెద్దమ్మా, కళ్ళు మూసినావు, మళ్ళా తీస్తా" అని రోజుకు ఇరవై సార్లు అంటుంటాను. వీడియో నాకో లెక్కా?

బుధవారం పెట్టె వచ్చింది. బిగించడానికి ప్లంబర్ బాషా మామ పానా పట్టుకొని రెడీగా ఉన్నాడు. పెట్టెను వరండాలో పెట్టి, ఫోన్లో రికార్డు నొక్కి, మా ఆవిడను కత్తెర తెమ్మన్నాను.

"ఆగు ఆనందూ," అంది అమ్మ. "ప్రార్థన చేయకుండా తెరుస్తావా ఏంది?"

మా ఇంట్లో అదొక రూలు. మిక్సీ వచ్చినా, గ్యాస్ పొయ్యి వచ్చినా, ఆఖరికి నా ఫోన్ ఛార్జర్ వచ్చినా, ప్రార్థన కానిదే పెట్టె తెరవకూడదు.

"అమ్మా, వీడియో నడుస్తా ఉంది. తొందరగా కానీ."

"దేవుని దగ్గర తొందరేందిరా?" అని అమ్మ కొంగు తల మీద కప్పుకుంది.

వానలతో మొదలుపెట్టింది. కంభం చెరువు నిండాలంది. అక్కణ్ణించి హనుమంతునిపాడులో మా పిన్నమ్మ మోకాళ్ళ నొప్పుల దగ్గరికి పోయింది. ఈలోపల నేనేం చేసినాను? తల వంచి, కళ్ళు మూసినాను! పుట్టినప్పటి నించీ అలవాటు, ప్రార్థన అంటే రెప్పలు వాటంతటవే పడిపోతాయి. చేతిలో ఫోను ఎటు చూస్తా ఉందో నాకేం తెలుసు?

చివరికి అమ్మ బేసిన్ దగ్గరికొచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టింది. ఆవేశం వస్తే అమ్మ చెయ్యి ఊరకుండదు. పెట్టె ఊగింది. లోపల గలగల!

"తండ్రీ, ఈ బేసిన్‌ను ఆశీర్వదించు తండ్రీ..." గలగల. "తండ్రీ, లోపల ఏందో గలగలమంటా ఉంది తండ్రీ... మేమింకా పెట్టె తెరవనేలేదు తండ్రీ... నువ్వే చూసుకో తండ్రీ!"

"ఆమెన్!" అన్నాం అందరం.

కళ్ళు తెరిచి, హడావిడిగా రికార్డు నొక్కి, పెట్టె కోసినాను. నాలుగు ముక్కలు! అమ్మ ఒక ముక్కను చేతిలోకి తీసుకొని, దాని మీద పువ్వును తుడుస్తా ఉండిపోయింది. ఆ మొహం చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏం కాదమ్మా, వీడియో ఉందిగా!" అని ఫోన్ తీసి చూస్తే ఏముంది? పది సెకన్లు పెట్టె. ఆ తర్వాత పద్నాలుగు నిమిషాలు నా హవాయి చెప్పులు! ఆమెన్ తర్వాత అసలేమీ లేదు. మొదలుపెడుతున్నాననుకొని, నడుస్తున్న వీడియోను ఆపేసినాను!

బాషా మామ మెల్లగా అన్నాడు: "నేను చూస్తానే ఉన్నా అల్లుడా. ఫోను కిందికి వాలిపాయ."

"మరి చెప్పొచ్చు కదా మామా!"

"ప్రార్థన మధ్యలో మాట్లాడితే తప్పు కాదా?"

ముక్కల్ని మళ్ళా పెట్టెలో పెట్టి, టేపు వేసి, ఇంకోసారి తీద్దామన్నాను. అమ్మ చూసిన చూపుకు టేపు అక్కడే వదిలేసినాను.

"ఆదివారం చెంబే ఇస్తాలే. అబద్ధమాడి తెచ్చిన బేసిన్లో చేతులెట్ల కడగమంటావు?"

చేసేదేముంది, ఉన్న వీడియోనే పంపినాను. మర్నాడు కస్టమర్ కేర్ మేడం ఫోన్.

"సార్, వీడియోలో చెప్పులు కనిపిస్తున్నాయండి."

"నావే మేడం."

"బేసిన్ ఏదండీ?"

"కళ్ళు మూసుకున్నాను మేడం."

"వీడియో తీస్తూనా?"

"ప్రార్థన మేడం."

అవతల కిసుక్కున నవ్వు. "సార్, పన్నెండో నిమిషంలో అమ్మగారు, పెట్టె తెరవకముందే గలగలమంటోందని చెప్పారు కదా! ఆ సౌండ్ కూడా క్లియర్‌గా ఉంది. మా సార్‌కి వినిపించాను. కొత్తది పంపిస్తున్నాం." పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "మా అమ్మకి కూడా మోకాళ్ళ నొప్పులండీ. అమ్మగారికి కాస్త చెప్తారా?" అంది.

శనివారం కొత్త పెట్టె వచ్చింది. మళ్ళా ప్రార్థన. ఈసారి నేను గుడ్లు మిటకరించి, రెప్ప వేయకుండా, మొదటి నించి చివరి దాకా తీసినాను. గీత కూడా పడని బేసిన్! బాషా మామ గంటలో బిగించేసినాడు.

ఆదివారం భోజనాలయినాక జనం లైను కట్టినారు. కొందరు రెండోసారి కూడా కడుక్కున్నారు! అమ్మ పక్కనే టవల్ పట్టుకొని నిలబడింది. ఆ సంతోషంలో నా ఫోన్ లాక్కొని మా పాస్టరుగారికి వీడియో చూపించింది. "చూడండయ్యా, దేవుడు ఎంత భద్రంగా పంపినాడో!"

పాస్టరుగారు ఓపిగ్గా చూసినారు. వీడియోలో అమ్మ, మా ఆవిడ తలలు వంచి, కళ్ళు మూసుకొని ఉన్నారు. ఆయన తలెత్తి, శాంతంగా అడిగినారు:

"చాలా బాగుందమ్మా. మరి ప్రార్థన జరుగుతుంటే ఇది తీసినోళ్ళెవరు?"

అందరూ నా దిక్కే చూసినారు. చూడండి నా తెలివి! బేసిన్ పగిలినప్పుడేమో నా దగ్గర సాక్ష్యం లేదు. పగలనప్పుడు నా మీదే సాక్ష్యం, అదీ నేనే తీసి పెట్టుకున్నాను, హెచ్‌డీలో!