రెజీనా కుడి భుజం

ఆ ఉదయం మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మారబోతూ రెజీనా సగంలో ఆగిపోయింది. కుడి భుజంలో సూది దిగినట్టయింది. పళ్ళు బిగపట్టి, బరువంతా ఎడమచేతి మీద వేసి ఎలాగో కుర్చీలో పడింది.

వంటింట్లోంచి తల్లి జీవమ్మ తొంగిచూసింది. "ఏమైందే?"

"ఏం లేదుమా. చెయ్యి జారింది."

పదహారేళ్ళప్పుడు రాజంపేట దగ్గర కూలికి పోయొస్తుంటే ట్రాక్టరు తిరగబడి రెజీనా వెన్ను దెబ్బతింది. మళ్ళీ నడవలేదు. వైద్యం కోసం కర్నూలు చేరిన తల్లీకూతుళ్ళు ఇక్కడే ఉండిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే బాస్కెట్‌బాల్ ఆమెకు ఈ ఊళ్ళోనే పరిచయమైంది. బంతి చేతికందితే ఇక ఆమెను అందుకోవడం ఎవరి తరమూ కాదు. ఈ ఆదివారమే రాష్ట్ర జట్టుకు ఎంపిక.

కానీ ఆమె భయమంతా ఆట గురించే కాదు. స్నానానికి పోవాలన్నా, ఆటో ఎక్కాలన్నా ఆ భుజాలే దిక్కు. అవీ చెడిపోతే?

తల్లికి చెప్పకుండా ఫిజియోథెరపిస్టు రమ్యశ్రీ దగ్గరికి పోయింది. రమ్యశ్రీ ఆమెను వరండాలో కుర్చీ నెట్టుకుంటూ అటూ ఇటూ తిరగమని చెప్పి, ఫోన్లో వీడియో తీసి చూపించింది.

"చూడు, సీటు పల్లంగా ఉండాది. చక్రాలు శానా వెనక్కుండాయి. అందుకే చెయ్యి వెనక్కి చాపి, భుజాలు చెవుల దాకా ఎత్తి నెడతాండావు. నెట్టినప్పుడల్లా లోపల కండరం ఎముకల మధ్య నలుగుతాది."

ఎవరి కొలతలకో చేసిన కుర్చీ అది. ఇన్నేళ్ళూ రెజీనా దానికి తగ్గట్టు తన ఒంటినే వంచుకుంది.

"ఆదివారం ఆడొచ్చా మేడం?"

"ఆడితే ఆ కండరం పూర్తిగా తెగొచ్చు. ఆపైన మంచం దిగేదానికీ ఇంకో మనిషి కావాల."

అయినా ఆదివారం ఎంపికకు పోయింది. నొప్పి మాత్ర వేసుకుంది.

"ఈ ఒక్క దినం ఓర్చుకోమ్మా," అన్నాడు ఆమె జట్టు కోచ్ ఆంజనేయ.

తల ఊపి, బంతి పైకెత్తింది. చెయ్యి చెవి దాటి లేవలేదు.

"నేను ఆడనన్నా," అంది. ఆ మాట అనేసరికి ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత భుజానికి విశ్రాంతి. దించడం, ఎక్కించడం అన్నీ జీవమ్మే. మోకాళ్ళ నొప్పితో తల్లి "యేసయ్యా" అని మూలిగినప్పుడల్లా రెజీనాకు అదే భయం. బతుకంతా ఇట్లే అయితే?

రమ్యశ్రీ చెప్పినట్టు సీటు ఎత్తు చేయించి, చక్రాలు ముందుకు జరిపించారు. మొదటిరోజే కుర్చీ వెనక్కి తిరగబడి తల పగలబోయింది. నెమ్మదిగా కొత్త పద్ధతి పట్టుబడింది: చక్రాన్ని టకటకా నెట్టకుండా, ఒకే పొడవాటి ఊపుతో తోసి చేతిని కిందికి వదిలెయ్యడం. వీపు బలానికి రబ్బరు పట్టీ లాగేది. నొప్పి తగ్గింది, కానీ భుజం కటుక్కుమంటే చాలు, చక్రం మీంచి చెయ్యి తీసేసేది.

మరుసటి ఏడు కడపలో పోటీ. ఆట చివర్లో భుజం లాగింది. పాయింట్లు సమానంగా ఉన్నాయి. రెజీనా ఎడమచెయ్యెత్తి తనంతట తానే బయటికొచ్చింది. కర్నూలు జట్టు ఓడింది.

"ఇంకొంచేపు ఆడింటే గెల్చేటోళ్ళం కదమ్మా," అన్నాడు ఆంజనేయ.

"రేపూ ఆడాల కదన్నా," అంది రెజీనా, భుజం మీద మంచుగడ్డ అదుముకుంటూ.