ఈశాన్యం మూలకు అందని మాట

వీరబ్రహ్మం గారిని అందరూ మెతక మనిషి అంటారు, అదేదో కితాబిచ్చినట్టు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మెతకదనం మంచి గుణమని ఎవరు చెప్పారో గానీ, మొగల్తూరు పక్కన మా రొయ్యల చెరువుల మీద అది ఒక ప్రాణం తీసింది.

నేనక్కడ ల్యాబులో నీళ్లు పరీక్ష చేస్తాను. ఆయన ఎలక్ట్రీషియన్. ఒకప్పుడు నరసాపురంలో ఆయనకు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది. సెల్‌ఫోన్లొచ్చాక అది మూతబడింది. పదిహేనేళ్లుగా మా దగ్గర మోటార్లు విప్పుకుంటూ, బిగించుకుంటూ బతుకుతున్నారు.

రెండేళ్ల కిందట ఓనరు జగన్నాథరావు గారు ఆయన్ని పిలిచి, "బ్రహ్మం గారూ, మనవాళ్ల ఫోన్లు సగం చెరువుల్లోనే పడిపోతన్నాయండి. మిగతా సగానికి సిగ్నలుండదు. వాకీటాకీలు పెట్టిద్దాం. ఎక్కడేం కావాలో మీరే ప్లాను గీయండి" అన్నారు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి! ఎన్నేళ్లకో తన విద్యతో ఒకరికి పనిపడింది.

అరువు తెచ్చిన రెండు సెట్లతో రెండు వందల ఎకరాల గట్లూ పది రోజులు తిరిగారు. ఒక సెట్టు తన దగ్గర, రెండోది ముసలయ్య దగ్గర. ముసలయ్య ఈశాన్యం మూల చెరువులకు మేత చల్లే మనిషి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. "ఒరే ముసలయ్యా, వినపడతన్నానా?" అని ఈయన అడిగితే, "నీ గొంతుకి సెట్టెందుకురా బెమ్మం, ఊరికే అరిచినా వినపడద్ది" అని అతను. మాట తేటగా వచ్చినచోట గ్రాఫు కాగితం మీద పచ్చచుక్క, గరగరలాడినచోట ఎర్రచుక్క పెట్టుకుంటూ వచ్చారు. చివరికి తేలిందేమిటంటే, ఈశాన్యాన కాలవ గట్టు మీదున్న పంపుహౌసు పైన సెట్లకు సిగ్నలందించే టవరు వేస్తే ఎర్రచుక్క ఒక్కటీ మిగలదు.

టవరు నిలబెట్టే ముందు ఓనరు గారు వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. ఈశాన్యంలో ఎత్తూ బరువూ పనికిరావు, యజమానికి అరిష్టం, నైరుతిలో వెయ్యండి అని ఆయన తేల్చేశారు. నైరుతిలో ఆఫీసుంది. దానికీ ఈశాన్యం మూలకూ మధ్య కోల్డ్ స్టోరేజీ, పెద్ద ఇనపరేకుల షెడ్డు అడ్డం.

"అక్కడేస్తే ఆ మూల ఆరు చెరువులకీ మాట అందదండి" అన్నారు వీరబ్రహ్మం గారు.

"ఒక్క మూల కోసం ఏంటండి బ్రహ్మం గారూ! ఏదోటి సర్దండి."

"అలాగేనండి."

ఒక్కసారి చెప్పారు, అంతే. నేనూ పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు. తిట్టాలంటే ముందు నన్ను తిట్టాలి.

ఆయన సర్దిన సర్దుబాటు ఇది. ఆ మూలంతా నడిచి నడిచి, ముసలయ్య ఎక్కువగా ఉండే పంతొమ్మిదో చెరువుకు నూరు గజాల అవతల, గట్టు మలుపులో మాట అందే చోటొకటి పట్టుకున్నారు. అక్కడొక రాయి పాతి సున్నం కొట్టారు. ముసలయ్య ఏం చెప్పాలన్నా ఆ రాయి దగ్గరకొచ్చి చెప్పాలి.

సెట్లొచ్చాయి. మాట అయిపోయాక 'ఓవర్' అనాలని ఆయన నేర్పితే, మావాళ్లు "ఉంటానండి" అనేవాళ్లు. ముసలయ్య రాయి సంగతి మరిచిపోయి చెరువు దగ్గర్నించే బటన్ నొక్కేవాడు. మా మాట అతనికి ఎలాగో వినపడేది గానీ, అతని మాట ఇక్కడికి వట్టి గరగరగా వచ్చేది. "ఒరే, రాయి దగ్గరకొచ్చి మాట్లాడు" అని వీరబ్రహ్మం గారు రోజుకు నాలుగుసార్లు అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

పోయిన ఆగస్టులో ఒక మంగళవారం, పొద్దున పది గంటలకు, ఆయన నా ల్యాబులో ఫ్యాను బాగుచేస్తున్నారు. బల్ల మీద సెట్టు గరగరలాడింది. ఆగి మళ్లీ గరగరలాడింది. స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే ఆయన బటన్ నొక్కారు.

"ముసలయ్యా, రాయి దగ్గరకొచ్చి మాట్లాడరా."

మళ్లీ గరగర.

"రాయి దగ్గరకి రారా బాబూ. ఒక్క ముక్కా తెలవట్లేదు."

కాసేపు ఏమీ రాలేదు. ఆయన ఫ్యాను రెక్కలు బిగించుకుంటున్నారు. అప్పుడు మాట తేటగా వచ్చింది.

"పాము కరిసిందిరా బెమ్మం. తాచు. కదలకుండా కూకుందావనుకున్నా. నువ్వు రమ్మన్నావని వచ్చా."

పాము కరిచినవాడు నడవకూడదని మా ఊళ్లలో చిన్నపిల్లలకీ తెలుసు. ముసలయ్యకూ తెలుసు. అయినా ఆ కాలితోనే నూరు గజాలు నడిచాడు. మేం బండి మీద వెళ్లేసరికి రాయి పక్కన పడి ఉన్నాడు, రెప్పలు వాలిపోయి ఉన్నాయి. ఆసుపత్రికి చేరేలోపే ఊపిరి ఆగిపోయింది. నడవకపోతే బతికేవాడా అని డాక్టరుగారిని అడిగాను. చెప్పలేమన్నారు. ఆ 'చెప్పలేం' వీరబ్రహ్మం గారిని రోజూ కొంచెం కొంచెం తినేస్తోంది. ఓనరు గారికి మాత్రం అరిష్టం తప్పింది లెండి.

వారం తిరక్కుండా టవరును పంపుహౌసు మీదికి మార్చమన్నారు. ఈసారి సిద్ధాంతిని ఎవరూ పిలవలేదు. వీరబ్రహ్మం గారే దగ్గరుండి మార్పించారు. పంతొమ్మిదో చెరువు దగ్గర్నించి కొత్త మనిషి మాట్లాడితే, అతను ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. "రమ్యమ్మా, ఇది పట్టుకో" అని సెట్టు నా చేతిలో పెట్టి, గట్టు మీద కూలబడి ఏడ్చారు.

ముసలయ్య ఇంట్లో చర్చివాళ్లు ఆదరణ కూడిక పెట్టినప్పుడు ఆయన లోపలికి రాలేదు, పందిట్లో చివర కూర్చున్నారు. పాటలు, ప్రార్థన అయ్యాక ముసలయ్య భార్య సంపూర్ణమ్మ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నయ్య గారూ, ఆఖరి మాట మీతోనే అన్నారంట గదా. ఏమన్నారండి?"

చెప్పొద్దని నేను కళ్లతో సైగ చేశాను. ఎవరి మాటా కాదనని మనిషి, ఆ రోజు నా మాట వినలేదు.

"వాడు కదలకుండా కూర్చుందామనుకున్నాడమ్మా. నేనే నడిపించాను. ఒకసారి కాదు, రెండుసార్లు పిలిచాను."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేనెంత పిలిచినా ఓ పట్టాన పలికేవారు కాదండి" అంది సంపూర్ణమ్మ. "మీరు పిలిత్తే మాత్రం, చేతిలో అన్నం ముద్ద ఒదిలేసి వచ్చేసేవారు."