చిన్నమ్మ దవడ

పోయిన వారం పన్నునొప్పితో చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కనున్న క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరమ్మాయి నా చెవుల ముందు వేళ్లు పెట్టి, నోరు తెరిచి మూయమంది. లోపల టక్కుమంది. బల్ల మీది ప్లాస్టిక్ పుర్రెను తీసుకుని, దాని దవడను ఆడించి చూపిస్తూ, "కీలు కొంచెం వదులైంది ఆంటీ. నోరు పెద్దగా తెరిచి నవ్వకండి" అంది. ఆ పిల్ల తప్పేం లేదు, నా మంచికే చెప్పింది. కానీ ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. చాంద్రాయణగుట్టలోనే పాల వ్యాపారం చేసే ఇంటికి కోడలుగా వెళ్లింది. బర్రెలు, పాల క్యాన్లు, పేడ వాసన, తెల్లారకముందే గిన్నెలతో నిలబడే జనం, వీటన్నిటి మధ్య ఆమె నవ్వు. నవ్విందంటే కొండనాలుక కనిపించేది, వీధి చివరి పాన్ డబ్బా దాకా వినిపించేది. మాకు ఆ నవ్వంటే ప్రాణం, వాళ్ల అత్తగారికి తలనొప్పి.

ఆడబిడ్డ కొడుకును తొట్టెల్లో వేసే రోజు మేమంతా అక్కడే ఉన్నాం. ఇంటి పెద్దకొడుకు, అంటే చిన్నమ్మకు బావగారు, పసివాణ్ణి ఎత్తుకున్నాడో లేదో, వాడు ఆయన కొత్త చొక్కా తడిపేశాడు. చిన్నమ్మ పగలబడి నవ్వింది. నవ్వు ఆగింది గానీ నోరు మూతపడలేదు. గదువ ముందుకు పొడుచుకొచ్చింది. చొంగ కారుతోంది. కళ్లనిండా భయం.

"నోరంత దెరిశి నవ్వద్దని ఎన్నిసార్లు జెప్పిన? గాలి సోకింది!" అని అత్తగారు అరిచింది. ఎవరో వేపమండలకు పరిగెత్తారు. బావగారు ముందుకొచ్చి, "ఒక్కటి తగిలితె అదే మూతవడ్తది" అంటూ ఆమె చెంప మీద ఈడ్చి కొట్టాడు. తడిసిన చొక్కా కోపం కూడా ఆ చేతిలో ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. చిన్నమ్మ కూలబడింది. నోరు మాత్రం అలాగే తెరుచుకుని ఉంది. అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరూ ఇదేమిటని అనలేదు. కట్టుకున్న చిన్నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

అడిగింది మా అమ్మ ఒక్కతే. "మీకు మతి ఉన్నదా? పిల్ల నొప్పికి సస్తుంటె కొడ్తరా?" అని చెల్లెల్ని లేపి, బార్కస్ వైపు పోతున్న ఆటోను ఆపి, దవాఖానకు తీసుకెళ్లింది. నేనూ, అత్తగారూ ఎక్కాం.

అక్కడి డాక్టరమ్మ బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని, చిన్నమ్మ కింది దంతాల మీద నొక్కి, వెనక్కి నెట్టింది. అంతే, దవడ తన గుంతలోకి జారింది. "తలలో మిగతా ఎముకలన్నీ కుట్టేసినట్టు అతుక్కొని ఉంటయి. కదిలేది ఇదొక్కటే. కీలు జారింది, గాలీ లేదు దయ్యం లేదు" అంది ఆమె.

"ఇగ నవ్వద్దని జెప్పుండ్రి మేడమ్" అంది అత్తగారు.

"కొన్ని రోజులు పట్టీ కట్టుకోవాలె. నవ్వేటప్పుడు గదువ కింద చెయ్యి పెట్టుకోవాలె. నవ్వద్దని నేను చెప్పలే."

ఆ కొన్ని రోజులు ఆ ఇంట్లో నెలలయ్యాయి. చుట్టాలొస్తున్నారంటే చాలు, అత్తగారు పట్టీ తెచ్చి చిన్నమ్మ గదువ నుంచి నడినెత్తికి బిగించి కట్టేది. జాగ్రత్త కోసమట! చిన్నమ్మ ముక్కుతోనే నవ్వడం నేర్చుకుంది. నేను వెళ్లినప్పుడల్లా ఆ ముఖం చూసి ఏడుపొచ్చేది, తర్వాత కోపమొచ్చేది.

చివరికి ఒక పొద్దున, పాలకొచ్చిన జనం ముందే, చిన్నమ్మ పట్టీ విప్పి అత్తగారి చేతిలో పెట్టింది. "పాలు తాగకుండ దూడ మూతికి చిక్కం గడ్తం. నేనెవరి పాలు తాగిన అత్తమ్మా?" అంది. చిన్నాన్న అప్పుడు నోరు విప్పాడు. "ఇడిశిపెట్టు అమ్మా" అన్నాడు, చాలా ఆలస్యంగా. ఆ తర్వాత ఆమె గదువ కింద అరచెయ్యి ఆనించి, మునుపటిలాగే నవ్వింది. దవడ మళ్లీ ఎప్పుడూ జారలేదు.

మొన్న ఎండాకాలం ఓ పెళ్లి భోజనాల దగ్గర, పండు ముసలివాడైన ఆ బావగారు మనవలకు కథ చెబుతున్నాడు. "నేనొక్కటి సరిశిన, మీ చిన్న నాయనమ్మ దవడ టక్కున గూసున్నది!" పిల్లలు ఒకటే నవ్వు.

చిన్నమ్మ చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసింది. "అబద్ధమెందుకు బావా? నువ్వు కొట్టినవ్. ఎక్కిచ్చింది డాక్టరమ్మ."

"గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు, గన్నేండ్లాయె" అని ఆయన గొణిగాడు.

ఎందుకంటే, ఎవరూ నోరు తెరవకపోతే, కొట్టినవాణ్ణి కూడా కాలం మెల్లమెల్లగా వైద్యుణ్ణి చేసేస్తుంది.